పద్నాలుగో నంబరు బండి

మా ఊళ్ళో అన్నిటికంటే పాత పేట పేరు కొత్తపేట. రేవులో ఓడలు ఆగే రోజుల్లో ఉప్పు వర్తకులూ, అద్దకం వాళ్ళూ, పడవల సరంగులూ వచ్చి ఇళ్ళు కట్టుకున్నప్పుడు అది కొత్తదే. తర్వాత ఓడలు రావడం మానేశాయి, రేవు ఇసక పట్టి పూడిపోయింది, పేట పాతబడింది. పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఒకటే వీధి, ఇరవైమూడు ఇళ్ళు. అన్నీ పెంకుటిళ్ళే, అన్నిటికీ అరుగులే.

ఈ పేటను బాగుచేయాలని ప్రభుత్వం ఇదివరకు మూడుసార్లు పూనుకుంది. మొదటిసారి తెల్లదొరల కాలంలో. ప్లేగు వచ్చిందని, గాలి ఆడాలని, ప్రతి ఇంటి కప్పు మీదా నాలుగేసి పెంకులు తీయించారు. ప్లేగు పోయింది, వాన వచ్చింది. రెండోసారి రోడ్డు వెడల్పు చేస్తామని గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పెట్టారు. రోడ్డు రాలేదు. గుర్తులు చెరపకూడదన్నారు కనక పండగలకి వాటి చుట్టూ సున్నం వేసుకుంటూ వచ్చాం. మూడోసారి సుందరీకరణ. వీధి మొగలో సిమెంటు కొంగలతో ఫౌంటెన్ కట్టారు. నీళ్ళ సంగతి వేరే శాఖ చూడాలన్నారు. ఆ శాఖ ఇంకా చూస్తూనే ఉంది. కొంగల మెడలకు తాళ్ళు కట్టి మేం బట్టలు ఆరేసుకుంటున్నాం.

నాలుగోసారి వచ్చినది పరిరక్షణ. అంతకుముందు మూడుసార్లూ పేటను ప్రభుత్వం బారినుంచి మేమే కాపాడుకున్నాం. ఈసారి పేటను మా బారినుంచి కాపాడడానికి ప్రభుత్వం ముందుకొచ్చింది.

దానికోసం పెట్టిన సంస్థ పేరు ప్రాచీన పట్టణ ప్రాంత పరిరక్షణ, పునరుద్ధరణ, పునరుజ్జీవన మండలి. మా వీధిలోనే తొమ్మిదో నంబరు ఇల్లు ఖాళీగా ఉంటే అందులో ఆఫీసు తెరిచారు. బోర్డు కొంచెం పొడుగైంది. చివరి రెండు మాటలూ పదో నంబరు గోడ మీదకి వెళ్ళాయి.

మండలికి ప్రత్యేకాధికారిగా వచ్చినాయన విరూపాక్షం గారు. యాభై ఏళ్ళ మనిషి. సన్నగా, ఇస్త్రీ నలగకుండా ఉండేవారు. ఆయన్ని గురించి చెడ్డ మాట ఒక్కటీ చెప్పలేను. లంచం ముట్టడు, ఎవరింట్లోనూ కాఫీ కూడా తాగడు, ఎవరినీ కసురుకోడు. చట్టంలో ఏముందో అది అక్షరం పొల్లుపోకుండా చేస్తాడు. మాకు చిక్కు వచ్చింది సరిగ్గా అక్కడే.

మొదటి సమావేశంలో ఆయన లేచి, "ఈ పేటను పూర్వస్థితికి తీసుకురావడమే మండలి యొక్క ఏకైక ధ్యేయం" అన్నారు.

"ఏ పూర్వం బాబూ?" అని అడిగింది వెనకనుంచి పద్నాలుగో నంబరు పేరమ్మ.

పేరమ్మ అప్పడాలు ఒత్తి అమ్ముతుంది. ఆమె పిండి కలిపే చేతికి ఎంత పేరుందో, నోటికీ అంత పేరుంది. అయితే ఈ ప్రశ్న మాత్రం నిజంగా తెలియకే అడిగింది. ఎవరికీ తెలియదు మరి. తుపానుకు ముందు ఉన్నట్టు చేయమన్నారు కొందరు. కరెంటు స్తంభాలు రాకముందు బాగుండేదన్నారు ఇంకొందరు. ఫౌంటెన్‌కి ముందున్నట్టు చేసినా చాలన్నాను నేను. విరూపాక్షం గారు అన్నీ రాసుకున్నారు. రాసుకుని మూడు నెలలు ఆలోచించారు.

నాలుగో నెలలో ఫొటో దొరికింది.

1921లో ఒక దొరగారు మా వీధి మొగలో నిలబడి తీసిన ఫొటో అది. రాజధానిలో పాత కాగితాలు దాచే కచేరీలో ఎక్కడో అడుగున పడి ఉంటే తెప్పించారు. వీధికి రెండువైపులా ఇళ్ళన్నీ కనిపిస్తున్నాయి. విరూపాక్షం గారు దాన్ని గోడంత పెద్దది చేయించి ఆఫీసులో తగిలించారు. "మూల ఛాయాచిత్రము" అని దానికి పేరు పెట్టారు. ఆ వెంటనే నిబంధన వచ్చింది. మూల ఛాయాచిత్రంలో ఉన్నది ఉండవలెను. లేనిది ఉండరాదు.

ఏడో నంబరు నీలాద్రి ఇంటి పక్కగోడ ఆ ఫొటోలో సగం కూలి ఉంది. వాళ్ళ తాత తర్వాతెప్పుడో కట్టించుకున్నాడు. ఆ గోడను పూర్వస్థితికి తేవాలని నీలాద్రికి నోటీసు వచ్చింది. అంటే కూల్చాలి. ఊరికే కూల్చడం కాదు, ఫొటోలో ఎంతమేర, ఏ వంపుతో కూలిందో అలాగే కూల్చాలి. ఎడమవైపు రెండు ఇటుకలు ఎక్కువ రాలాయని తనిఖీలో తేలితే వాటిని మళ్ళీ అతికించి వెళ్ళారు.

ఇదంతా చూసి కూడా పేరమ్మ దరఖాస్తు పెట్టింది. పెట్టక తప్పలేదు. ఆమె ఇంటి కప్పు వాసాలు చెదలు తిన్నాయి, పెంకులు సగం పగిలాయి. కిందటి వానాకాలం ఆరు చోట్ల గిన్నెలు పెట్టుకుని గడిపారు. మూడుసార్లు పిండి తడిసి పారబోసింది. ఇప్పుడు వైశాఖం వెళ్తోంది. మృగశిర కార్తెలోపు కప్పు వేయకపోతే ఇల్లే కూర్చుండిపోతుందని మేస్త్రీ చెప్పేశాడు.

దరఖాస్తు రాసింది ఆమె భర్త కామేశం. కామేశం ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరు. ఆ ముప్పై రెండేళ్ళలో ఏ చెకింగు ఆఫీసరుకీ ఎదురు చెప్పి ఎరగడు. ముద్ర ఉన్న కాగితం ఇంటికొస్తే నిలబడి చదువుతాడు. జవాబు వచ్చిన రోజున కూడా అరుగు దిగి, చెప్పులు విడిచి, నిలబడి చదివాడు. చదివి మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఏం రాశారండీ?" అంది పేరమ్మ, అప్పడాలు తిరగేస్తూ.

"ఇల్లు లేదంట."

"ఎవరికి?"

"మనకి."

కాగితంలో ఉన్నది ఇదీ. "మీరు దరఖాస్తులో పేర్కొనిన స్థలమునందు మూల ఛాయాచిత్రము ప్రకారము గృహము లేదు. ఒక గూడుబండి మాత్రము కలదు. లేని గృహమునకు మరమ్మతు అనుమతి ఇచ్చుటకు నిబంధనలు అంగీకరించవు."

మధ్యాహ్నం మండలి సర్వేయరు జకరయ్య ఫొటో నకలు పట్టుకుని వచ్చాడు. జకరయ్య మెత్తటివాడు. చెడు కబురు చెప్పాల్సి వస్తే ముందు మంచినీళ్ళు అడిగి తాగుతాడు. రెండు గ్లాసులు తాగాడు.

"ఇదుగోండమ్మా, ఇది పదమూడు. ఇది పదిహేను. మధ్యలో మీది కనపడాలి. సరిగ్గా అప్పుడే ఎవరో బండి తెచ్చి అడ్డంగా నిలిపాడండి. ఒంటెద్దు బండి. గూడు మొత్తం మీ ఇంటిని కప్పేసింది."

పేరమ్మ కళ్ళద్దాలు తెచ్చుకుని చూసింది. బండికి అటు చూసింది, ఇటు చూసింది. ఫొటో తిప్పి వెనక కూడా చూసింది.

"బండి వెనకాల ఇల్లు ఉంటది కదా నాయనా?"

"ఉంటుందండీ. నాకు తెలుసు. మా సారుకీ తెలుసు. తెలియడం వేరు, కనపడడం వేరు అంటారాయన."

మర్నాడు ఇద్దరూ తొమ్మిదో నంబరుకి వెళ్ళారు. పక్కింటివాణ్ణి కదా, నన్నూ సాయం తీసుకెళ్ళారు. పేరమ్మ సంచినిండా కాగితాలు పెట్టుకొచ్చింది. కామేశం ముత్తాత పేర ఇల్లు కొన్న దస్తావేజు, దాన్ని అంటిపెట్టుకుని నలభై ఏళ్ళ పన్ను రశీదులు. విరూపాక్షం గారు లేచి నిలబడి నమస్కారం పెట్టి, కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, తిరిగి వరసగా సర్ది ఇచ్చారు.

"అమ్మా, ఇవి ఇల్లు మీదే అని రుజువు చేస్తున్నాయి. ఇల్లు ఉన్నదని రుజువు చేయడం లేదు. సదరు బండి వెనుక ఏమున్నదనే విషయమై మూల ఛాయాచిత్రం మౌనం వహించింది. మౌనాన్ని గృహంగా భావించే అధికారం నాకు లేదు."

"మరి మేం ఎక్కడ ఉంటన్నట్టు బాబూ? రోజూ వండుకుంటన్నాం, పడుకుంటన్నాం."

"రికార్డు ప్రకారం బండిలో."

"నలుగురు పిల్లల్ని కన్నానండీ ఆ ఇంట్లో!"

"ప్రయాణంలో ప్రసవాలు జరగడం ఆ రోజుల్లో వింత కాదమ్మా" అన్నారు విరూపాక్షం గారు. ఎగతాళికి కాదు, ఓదార్పుగానే అన్నారు.

కామేశం ఆమె చెయ్యి పట్టుకుని, "పద పేరూ, సారుకి పనులుంటాయి" అన్నాడు. పేరమ్మ కదల్లేదు. ఆమె మొహం చూస్తే, ఆ నోరు ఎక్కడ విప్పుతుందోనని నాకు భయం వేసింది కానీ, ఆమె అరవలేదు. నెమ్మదిగా అడిగింది.

"బండి ఉందని మీరు ఒప్పుకుంటన్నారా బాబూ?"

"నిస్సందేహంగా. బండి తిరుగులేని వారసత్వ అంశం."

"బండి పాడైతే బాగుచేసుకోవచ్చా?"

విరూపాక్షం గారు నిబంధనల పుస్తకం తీసి వేలితో వెతికారు. "జట్కాలు, బళ్ళు, పల్లకీలు, తోపుడు బళ్ళు చరాస్తులు. వాటి మరమ్మతుకు అనుమతి అవసరం లేదు. సమాచారం ఇస్తే చాలు."

"అయితే బండే" అంది పేరమ్మ, కామేశం వైపు తిరిగి. "రాయండి. మా బండి గూడు చిల్లులు పడింది, బాగుచేసుకుంటన్నాం అని రాయండి."

కామేశం కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. సొంత ఇంటిని బండి అని సొంత చేత్తో రాయాలంటే ఎవరికైనా చెయ్యి రాదు. గూడు కొలతల దగ్గర ఆగి నా మొహం చూశాడు. ఉన్నదే వేయమన్నాను. పొడుగు ఇరవై ఎనిమిది అడుగులు, వెడల్పు పద్దెనిమిది అని వేశాడు. విరూపాక్షం గారు ఎర్రసిరాతో సంతకం చేశారు. బండి పెద్దదే అన్న మాట కూడా ఆయన నోట రాలేదు. ఫొటోలో అది పెద్దగానే కనపడుతోంది.

వారంలో కొత్త వాసాలు పడ్డాయి, పెంకులు ఎక్కాయి. మృగశిర వాన మొదటిరోజే దంచి కొట్టింది. పేరమ్మ ఇంట్లో ఒక్క చుక్క పడలేదు. మిగతా ఇరవైఒక్క ఇళ్ళవాళ్ళం గిన్నెలు సర్దుకుంటూ, ఫొటో తీసిన రోజు మా ఇళ్ళ ముందు కూడా ఎవడో ఒకడు బండి ఆపి ఉండకూడదా అని మా పూర్వీకుల్ని తిట్టుకున్నాం. నీలాద్రి కూలిన గోడకి గోనెపట్టా కట్టాడు. ఫొటోలో గోనెపట్టా లేదని దాన్ని తీయించారు.

శ్రావణంలో మండలివారు రెండో దశలోకి వెళ్ళారు. దాని పేరు అంశాల సంపూర్తి. ఉన్నవాటిని కాపాడడం అయింది కనక లేనివాటిని తేవాలి. పద్నాలుగో నంబరు బండికి చక్రాలు లేవని జకరయ్య నివేదికలో రాయాల్సి వచ్చింది. అడవి శాఖ కలపతో రెండు పెద్ద చక్రాలు చేయించి పేరమ్మ అరుగుకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి బోల్టులు వేసి బిగించారు. తర్వాత ఎద్దు వచ్చింది. ఎద్దును ఆర్డరు ప్రకారం కొన్నారు. ఫొటోలో ఉన్నట్టే తెల్లది, ఎడమ కొమ్ము వంకర. దాని మెడలో రేకు బిళ్ళ మీద "వారసత్వ అంశము 14-బి" అని రాసి ఉంది. ఎద్దుకి మినప్పిండి వాసన నచ్చింది. మొదటిరోజే రెండు పళ్ళేల అప్పడాలు తినేసింది.

"సారుకి చెప్పండి, ఈ ఎద్దు నాకొద్దు" అంది పేరమ్మ.

"ఎద్దు లేని బండి ఉండదు కదమ్మా" అన్నాడు జకరయ్య దీనంగా. "బండి కాదంటే మళ్ళీ ఏమీ లేనట్టే."

దాంతో పేరమ్మ అప్పడాలు పెరట్లో ఆరబెట్టుకోవడం మొదలెట్టింది. వీధి ముఖంగా కూర్చుని పదిమందితో మాట్లాడుతూ చేసుకునే పని, గోడల మధ్య ఒంటరిగా చేయాల్సి వచ్చింది. కొనేవాళ్ళు వస్తే చక్రం చాటునుంచి పిలవాలి. కామేశానికి ఇంకో బాధ. సాయంత్రాలు వీధిలోకి వెళ్తే పాత స్నేహితులు, "ఏం కామేశం, బండి ఎన్నింటికి బయల్దేరుతుంది?" అని అడిగేవారు. నవ్వడానికే అడిగేవారు. అతను కూడా నవ్వేవాడు. తర్వాత తర్వాత వెళ్ళడం మానేశాడు.

అసలు దెబ్బ వినాయకచవితి వెళ్ళిన వారానికి పడింది. మంత్రిగారు వచ్చి పేటను జాతికి అంకితం చేస్తారని తేదీ ఖాయమైంది. ఆ రోజు రద్దీ ఉంటుందని ట్రాఫిక్ విభాగంవారు వీధి చూడ్డానికి వచ్చారు. వాళ్ళ దగ్గర వాహనాల జాబితా ఉంది. మండలి పంపినదే. అందులో ఒకే ఒక వాహనం ఉంది.

"ఈ బండి ఎప్పటినుంచి ఇక్కడ ఆగి ఉంది?" అని అడిగాడు వచ్చిన ఇనస్పెక్టరు.

"1921 నుంచండీ" అన్నాడు కామేశం, చేతులు కట్టుకుని.

"మధ్యలో ఒకసారైనా కదిలిందా?"

కామేశం అబద్ధం చెప్పలేడు. "లేదండీ" అన్నాడు.

మూడోనాడు పేరమ్మ తలుపు మీద పసుపు రంగు కాగితం అంటించారు. "బహిరంగ మార్గమునందు వదిలివేయబడిన వాహనము. ఏడు రోజులలో యజమాని స్వయముగా తరలించని యెడల క్రేను ద్వారా తొలగించి పాత సామాను యార్డుకు పంపబడును."

కామేశం ఆ కాగితాన్ని నిలబడి చదవలేదు. చదువుతూ చదువుతూ అరుగు మీద కూలబడ్డాడు. నేను వెళ్ళేసరికి చక్రానికి తల ఆనించి కూర్చుని ఉన్నాడు.

"నేనే చెప్పానయ్యా, కదల్లేదని నేనే చెప్పాను. ఒక్కసారి కదిలిందని చెప్తే పోయేదిగా" అంటున్నాడు.

పేరమ్మ ఏడవలేదు. కొంగు బిగించి, నన్ను రమ్మని, సరాసరి విరూపాక్షం గారి దగ్గరికి నడిచింది. ఆయన కూడా ఆ పసుపు కాగితం నకలు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"నేను ఆక్షేపణ తెలియజేశానమ్మా. వారసత్వ వాహనమని రాశాను. వారసత్వమైనా వాహనమే కదా అని జవాబు వచ్చింది. అందులో తప్పు కనపడలేదు. నేనే ఆ స్థానంలో ఉన్నా అలాగే రాసేవాణ్ణి."

"ఇంటిని క్రేనుతో లాగితే ఏమవుతుందో తెలుసా బాబూ?"

విరూపాక్షం గారు తల వంచుకున్నారు. "తెలుసమ్మా" అన్నారు. ముందున్న కాగితం తిరగేసి, "తెలిసినదాన్ని ఏ కాలమ్‌లో రాయాలో తెలియడం లేదు" అన్నారు.

పేరమ్మ గోడ మీది పెద్ద ఫొటో ముందుకెళ్ళి నిలబడింది. ఆ బండిని చూసింది, చాలాసేపు, దాన్ని తోలేవాడు ఎదురుగా ఉంటే నాలుగు కడిగేసేట్టు చూసింది. తర్వాత జకరయ్య వైపు తిరిగింది.

"నాయనా, ఈ దొర ఇంత దూరం అంత పెద్ద పెట్టె మోయించుకొచ్చి ఒక్క ఫొటోయే తీశాడంటావా? బండి అడ్డం వచ్చిందని ఆయనకి మాత్రం తెలీదా? నువ్వయితే ఏం చేస్తావు?"

"బండి జరిగేదాకా ఆగి ఇంకోటి తీస్తానండీ" అన్నాడు జకరయ్య. అన్నాక తన మాట తనకే వినపడినట్టు విరూపాక్షం గారిని చూశాడు.

"అదనపు ఆధారం అన్వేషించడం మండలి విధి" అన్నారు విరూపాక్షం గారు, కుర్చీలోంచి లేస్తూ. "బయల్దేరు."

జకరయ్య ఆ పూటే రైలెక్కాడు. నాలుగు రోజులు కబురు లేదు. పేరమ్మ ఇంట్లో సామాను మూటలు కట్టలేదు. కట్టమని పిల్లలు ఫోన్లు చేసినా వినలేదు. మామూలుగానే పిండి నానబోసింది. అయిదో రోజు పొద్దున్న జకరయ్య దిగాడు. గడ్డం మాసి, బట్టలు నలిగి, అట్టపెట్టె గుండెలకి హత్తుకుని ఉన్నాడు. మంచినీళ్ళు అడగలేదు.

అందరం తొమ్మిదో నంబరులో టేబుల్ చుట్టూ మూగాం. అదే వీధి, అదే రోజు. కింద దొరగారి రాతలో రెండు అంకె వేసి ఉంది. బండి ముందుకు జరిగిపోయింది. అది ఆగి ఉన్న చోట ఇప్పుడు ఒక ఇల్లుంది. పెంకుల కప్పు, రెండు స్తంభాలు, అరుగు. అరుగు మీద ఒకాయన వెల్లకిలా పడుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

కామేశం ముందుకు వంగాడు. "మా తాతండీ" అన్నాడు.

"ఎలా చెప్పగలరు?" అన్నారు విరూపాక్షం గారు.

"చెప్పక్కర్లేదు బాబూ" అంది పేరమ్మ. "ముప్పై అయిదేళ్ళుగా ఆ నోరు రోజూ చూస్తన్నాను."

అందరం నవ్వాం. పేరమ్మే ఆ నవ్వులో కళ్ళు తుడుచుకుంది. విరూపాక్షం గారు మాత్రం నవ్వలేదు. ఆయన భూతద్దం తీసుకుని ఫొటో మీద వంగి ఇళ్ళు లెక్కపెడుతున్నారు. పదమూడు, పన్నెండు, పదకొండు, పది. అక్కడ వేలు ఆగింది.

"జకరయ్యా, బండి ఇప్పుడు ఎక్కడ నిలిచింది?"

జకరయ్య వేలితో చూపించాడు. "పదికీ ఎనిమిదికీ మధ్యనండీ."

"అంటే?"

"మన ఆఫీసండీ."

కిటికీలోంచి పద్నాలుగో నంబరు ఎద్దు గంట ఒకసారి మోగింది.

"రెండో ఫొటో మనం చూడలేదనుకోవచ్చు కదండీ" అన్నాను నేను. ఆయన మంచివాడన్నానే, ఆ మంచితనం మీద జాలితో అన్నాను.

విరూపాక్షం గారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. దొంగసొత్తు కొనమన్నట్టు చూశారు. "పదకొండో నిబంధన ప్రకారం, ఆధారాలు రెండున్నప్పుడు కాలక్రమంలో తరువాతిదే ప్రామాణికం. ఆ నిబంధన రాసింది నేనే" అన్నారు. కలం తీసి, నిలబడే రాశారు. పద్నాలుగో నంబరు గృహము. తొమ్మిదో నంబరు గూడుబండి. తేదీ వేసి సంతకం చేసి, నకలు ట్రాఫిక్ విభాగానికి పంపారు. ఎద్దును విప్పించి తొమ్మిదో నంబరు కిటికీకి కట్టించారు. అది ఆ మధ్యాహ్నమే కిటికీలో తల పెట్టి మూడో దశ ముసాయిదా సగం నమిలేసింది.

ఏడో రోజున క్రేను వచ్చింది. ఒక లారీ, ఎనిమిదిమంది మనుషులు. వీధి మొత్తం బయటే ఉన్నాం. వాళ్ళ చేతిలో కాగితం పాతదే. సరాసరి పద్నాలుగో నంబరు ముందు ఆపి కొక్కెం దింపబోయారు. కామేశం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అంతలో విరూపాక్షం గారు ఎండలో గొడుగు లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన పరిగెత్తడం మేమెవరం చూడలేదు.

"ఆగండి! బండి ఇక్కడ లేదు. ముందుకు వెళ్ళింది."

"ఎక్కడికండీ?" అన్నాడు ఇనస్పెక్టరు.

"తొమ్మిదో నంబరు. రండి, చూపిస్తాను."

దగ్గరుండి చూపించారు. ముందు బోర్డు దింపారు. దానికి నలుగురు పట్టారు. తర్వాత బల్లలు, బీరువాలు, ఏసీ, గోడంత ఫొటో, రబ్బరు ముద్రలున్న పెట్టె. ప్రతి వస్తువు లారీ ఎక్కేటప్పుడు విరూపాక్షం గారు చదివి వినిపించి, ఇనస్పెక్టరు చేత సంతకం పెట్టించుకున్నారు. ఎద్దును కూడా బండితో పాటు పంపాలని ఆయనే గుర్తుచేశారు.

అంతా ఎక్కించాక ఇనస్పెక్టరు ఖాళీ ఇంటివైపు చూసి, "ఈ గోడలేం చేద్దామండీ?" అన్నాడు.

విరూపాక్షం గారు ఫైలు తెరిచి రెండో ఫొటో చూశారు. "గోడలు బండిలోవి కావు. బండి వెనుక ఉన్నవి. వాటి విషయమై రెండో ఛాయాచిత్రం మౌనంగా ఉంది. వదిలేయండి" అన్నారు.

లారీ వెళ్ళిపోయింది. ముద్రలు దానితోపాటే వెళ్ళాయి. ముద్ర లేనిదే నోటీసు లేదు. మంత్రిగారి కార్యక్రమానికి ఆహ్వానపత్రిక మీద వేయడానికి ముద్ర లేక అది కూడా వాయిదా పడింది. అరగంటలో నీలాద్రి ఇటుకలు దింపించాడు. వీధి అటు చివర ఎవరో పెంకులు బేరం చేస్తున్నారు. మేస్త్రీ పేరమ్మ అరుగు చక్రాలు రెండూ ఊడదీసి గోడకి ఆనించి పోయాడు.

విరూపాక్షం గారు వీధి మధ్యలో ఒక ఫైలు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. ఎక్కడికి వెళ్ళాలో ఆయనకి తెలియలేదు. ఆయన కుర్చీ యార్డులో ఉంది. అంతలో సముద్రం వైపునుంచి మబ్బు కమ్మింది. భాద్రపదం వాన చెప్పి రాదు. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. ఆయన ఫైలుని చొక్కాలో దాచుకోబోయారు.

"తడిసిపోతారు, లోపలికి రండి బాబూ" అని కేకేసింది పేరమ్మ.

ఆయన ఒక క్షణం తటపటాయించారు. ఎవరి గుమ్మమూ తొక్కని మనిషి. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. పేరమ్మ తుండుగుడ్డ ఇచ్చింది, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. ఆయన తీసుకున్నారు. బయట వాన జడిగా కురుస్తోంది. ఆయన తలెత్తి కప్పు ఈ చివరినుంచి ఆ చివరికి చూశారు. కొత్త వాసాలు, తీరుగా పేర్చిన పెంకులు. ఎక్కడా తడి లేదు.

"గూడు చక్కగా కుదిరిందమ్మా" అన్నారు మెచ్చుకోలుగా.

కామేశం మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లేచాడు. అలవాటు కొద్దీ చేతులు కట్టుకోబోయి, మానేశాడు.

"గూడు కాదండీ" అన్నాడు. "ఇల్లు. మాది."

విరూపాక్షం గారు అతన్ని చూశారు. గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, "అవునండీ" అన్నారు.